తలకు దెబ్బ తగిలిన బిడ్డ, క్యాజువాల్టీలో మన భాష

పిల్లాడు మిద్దె మీద నుంచి పడ్డాడన్న కబురు రాగానే మన ఇళ్ళలో ముందు వినిపించే మాట “స్కానింగ్ తీయించండి”. వెంటనే స్కానింగ్ రాసిస్తే మంచి డాక్టరు. “నాలుగు గంటలు ఇక్కడే ఉంచి చూద్దాం” అంటే పట్టించుకోని డాక్టరు. బళ్ళారిలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఈ నమ్మకం ఎంత గట్టిదో మాకు తెలుసు. కానీ స్కానింగ్ రాయాలా వద్దా అన్నది డాక్టరు ఊహకు వదిలేసిన సంగతి కాదు. దానికో లెక్క ఉంది. ఆ లెక్కలో సగం ఇంటివాళ్ళ నోటి నుంచే వెళ్ళాలి. మా దిగులంతా ఆ సగం గురించే.

పిల్లల తలదెబ్బల విషయంలో ప్రపంచమంతటా ఎమర్జెన్సీ డాక్టర్లు ఎక్కువగా చూసేది పీకార్న్ అనే నియమాన్ని. ఇది 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అమెరికాలో 25 ఆసుపత్రులకు వచ్చిన 42,412 మంది పిల్లలను గమనించి దీన్ని కట్టారు. వాళ్ళలో మెదడుకు నిజంగా ప్రమాదకరమైన దెబ్బ తగిలింది 376 మందికి. మెదడు ఆపరేషన్ దాకా వెళ్ళింది 60 మంది. స్కానింగ్ మాత్రం మూడో వంతుకు పైగా పిల్లలకు తీశారు.

తీస్తే పోయేదేముంది అంటారా? సీటీ స్కానింగ్ ఎక్స్‌రే కిరణాలతోనే పనిచేస్తుంది, మోతాదు మాత్రం మామూలు ఎక్స్‌రే కన్నా చాలా ఎక్కువ. బ్రిటన్‌లో చేసిన ఒక పెద్ద పరిశోధన 2012లో వెలువడింది. పదేళ్ళలోపు పిల్లలకు తీసిన ప్రతి పదివేల తల స్కానింగులకు, తర్వాతి పదేళ్ళలో ఒక రక్త క్యాన్సర్, ఒక మెదడు కంతి అదనంగా వస్తాయని అందులో అంచనా వేశారు. అవసరమైన బిడ్డకు ఇది లెక్కలోకి రాని ప్రమాదం. అవసరం లేని బిడ్డకు ఎందుకు?

ఇక నియమం సంగతి. బిడ్డ మత్తుగా, అయోమయంగా ఉన్నా, పుర్రె విరిగిన గుర్తులు కనిపించినా స్కానింగ్ తీయాల్సిందే, అందులో చర్చ లేదు. ఆ తర్వాతివి చూడండి. రెండేళ్ళలోపు బిడ్డయితే, నుదుటి మీద కాక తల వెనకో పక్కనో బొప్పి కట్టిందా? అయిదు సెకన్లు, అంతకు మించి స్పృహ తప్పిందా? మూడడుగుల కన్నా ఎత్తు నుంచి పడిందా? తల్లి కంటికి బిడ్డ ఎప్పట్లా ఉందా లేదా? రెండేళ్ళు దాటిన పిల్లలకైతే స్పృహ తప్పడం, వాంతులు, తీవ్రమైన తలనొప్పి, అయిదడుగులకు మించిన ఎత్తు. ఇవేవీ లేకపోతే ప్రమాదకరమైన దెబ్బ ఉండే అవకాశం చిన్నబిడ్డల్లో అయిదు వేలలో ఒకరికన్నా, పెద్దపిల్లల్లో రెండు వేలలో ఒకరికన్నా తక్కువ. ఈ రెండో వరసలోవి ఉంటే వందలో ఒకరి దాకా. అప్పుడు స్కానింగా, కొన్ని గంటలు కళ్ళెదుట ఉంచుకుని చూడడమా అన్నది డాక్టరు అనుభవాన్ని బట్టి, బిడ్డ తీరును బట్టి, తల్లిదండ్రుల అభిప్రాయాన్ని కూడా బట్టి తేల్చాలని నియమంలోనే ఉంది.

ఈ ప్రశ్నల్లో బొప్పి ఒక్కటే డాక్టరు చేతికి తగిలేది. మిగతావి పడినప్పుడు దగ్గరున్న మనిషి చెప్పాలి. మన ఇళ్ళలో ఆ మనిషి చాలాసార్లు అవ్వ, లేదా ఆలూరు, ఆదోని వైపు నుంచి కొత్తగా వచ్చిన కోడలు. మగవాళ్ళకు, బడికి పోయే పిల్లలకు కన్నడం ధారాళంగా వస్తుంది. వీళ్ళకు బజారులో బేరమాడేంత వస్తుంది. “ప్రజ్ఞె తప్పిత్తా?” అని డాక్టరు అడిగితే కన్నడంలో అది స్పృహ గురించి. తెలుగు చెవికి ప్రజ్ఞ అంటే తెలివితేటలు. కాస్త తికమకపడి అవ్వ “లేదయ్యా, వాడు శానా తెలివైనోడు” అందనుకోండి, చీటీ మీద స్పృహ తప్పలేదని పడుతుంది. నవ్వు వచ్చే మాటే, కానీ ఆ ఒక్క గడి మీద లెక్కంతా మారుతుంది. వాంతి రెండు భాషల్లోనూ వాంతే కాబట్టి దానికి చిక్కులేదు. “పైనుంచి పడ్డాడు” అన్నదీ ఇలాంటిదే. నులకమంచమూ పైనే, మిద్దే పైనే. ఒకటి అడుగున్నర, ఇంకొకటి పదడుగులు.

మన ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయాయి. 1961లో మొదలైన మన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి (పేరు మార్చినా మనకది విమ్స్ఏ) ఈ రోజుకీ ఆ గీత అవతలి ఊళ్ళ జనం వస్తూనే ఉన్నారు. పీకార్న్‌లో “చూద్దాం” అన్న మాట వెనుక, బిడ్డ తీరు మారితే వెంటనే తిరిగి రాగలరన్న భరోసా ఉంది. రాత్రి పది గంటలకు సిరుగుప్ప అవతలి పల్లెకు పోయే కుటుంబానికి ఆ భరోసా ఏది? బెంగళూరు మూడు వందల కిలోమీటర్లు. అందుకే దూరం ఊరివాళ్ళను ఇంటికి పంపకుండా క్యాజువాల్టీలోనే ఉంచి చూడడం ఇక్కడ సరైన పద్ధతి అని మేమనుకుంటాం. డాక్టరు అలా ఉంచితే దాన్ని నిర్లక్ష్యం అనకండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల్లో ఇరవై వేల మంది పిల్లల మీద చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో స్కానింగ్ తీసింది దాదాపు పదిమందిలో ఒకరికే.

మరి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే జాగ్రత్తలు? ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఇస్తే, రాత్రంతా బిడ్డ పక్కన కూర్చునే మనిషికి అవి అందవు. నిద్రపోనివ్వకూడదని బిడ్డను తెల్లవార్లూ ఏడిపించే ఇళ్ళున్నాయి. పడుకోనివ్వవచ్చు, డాక్టరు చెప్పినట్టు మధ్యమధ్య లేపితే లేస్తున్నాడా, మనుషుల్ని గుర్తుపడుతున్నాడా చూడాలి, అంతే. లేపినా లేవకపోతే, వాంతులు ఆగకపోతే, ఫిట్స్ వస్తే, ముక్కులోంచో చెవిలోంచో నీరులాంటిది కారితే, నడక తూలితే, తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. భాషా మైనారిటీల రక్షణల గురించి 1956 నాటి కేంద్ర మెమొరాండం దాకా పోనక్కర్లేదు. పైన చెప్పిన ప్రశ్నలూ జాగ్రత్తలూ ఒక కాగితం మీద, ఒక పక్క కన్నడం, ఒక పక్క తెలుగు. బళ్ళారి, సిరుగుప్ప ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ప్రైవేటు నర్సింగ్ హోముల్లో క్యాజువాల్టీ బల్ల మీద అది ఉండాలి. నర్సుల్లో తెలుగు వచ్చినవాళ్ళు ఎటూ ఉన్నారు. ప్రశ్నలు అడిగే పని వాళ్ళకు అప్పజెప్పవచ్చు. జిల్లా ఆరోగ్య అధికారికి మన తెలుగు సంఘాలు ఈ మాట రాసి ఇవ్వాలి. తర్జుమా చేసి పెట్టడానికి మన టీచర్లలో ఎవరైనా ముందుకొస్తారు.

అంతవరకూ, ఆసుపత్రికి పోయేటప్పుడు పడినప్పుడు చూసిన మనిషిని వెంట తీసుకుపోండి. అది అవ్వే అయినా సరే, పక్కన కన్నడం వచ్చిన ఒకరిని నిలబెట్టండి. ఎన్ని గంటలకు పడ్డాడు, ఎన్ని అడుగుల ఎత్తు, కింద ఉన్నది బండా మన్నా, ఏడుపు వెంటనే వచ్చిందా, ఎన్నిసార్లు వాంతి అయింది, దారిలో ఏ మందైనా పోశారా, ఇవన్నీ ఆమె నోటితోనే చెప్పించండి.