జరీనంతా ఒకే గాటన కట్టిన మండలికి

వస్తు సేవల పన్ను మండలి గౌరవ అధ్యక్షులకు, సభ్యులకు:

2023 జులై 11న జరిగిన 50వ సమావేశంలో మండలి అనుకరణ జరీ దారంపై పన్నును, అది వ్యాపారంలో ఏ పేరుతో చలామణీ అయినా సరే, 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. ఈ తగ్గింపు సూరత్ జరీ కార్ఖానాలకూ, ఆ జరీపై ఆధారపడిన తెలుగు నేతగాళ్లకూ ఊరటే, దానిని ఎవరూ కాదనరు. అయితే అసలు జరీకి ఇదివరకే ఉన్న 5 శాతంతో రాగి జరీనీ, ప్లాస్టిక్ జరీనీ సమానం చేసిన మండలి, వాటి తేడా కొనేవారికి తెలిసే మార్గం గురించి ఒక్క మాటైనా అనకపోవడం బాధాకరం.

అసలు జరీ అంటే వెండిని కమ్మచ్చులో లాగి సన్నని తీగ తీసి, ఆ తీగను రేకులా అణచి, పట్టుపోగు చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పూసినది. అనుకరణ జరీలో లోపల ఉండేది రాగితీగ, వెండి దానిమీది పూత మాత్రమే. ప్లాస్టిక్ జరీలో ఆ తీగ కూడా ఉండదు, లోహపు మెరుగు పెట్టిన పాలిస్టర్ పొరను సన్నని పోగులుగా కోసి వాడతారు. అంగడిలో మూడూ ఒకేలా మెరుస్తాయి. గరుకు రాతిమీద రుద్దితే రాగి ఎరుపు బయటపడుతుంది, కొస వెలిగిస్తే ప్లాస్టిక్ కరిగి ముద్దకడుతుంది. కానీ కొత్త చీర అంచును కాల్చి చూసి కొనేవారెవరు?

పైకి ఒకేలా కనిపించే సరుకుల మధ్య ఇలాంటి తేడా తూటాల తయారీలోనూ ఉంది. సీసపు గుండుకు విద్యుత్ పద్ధతిలో పలుచని రాగి పూత వేసేది ఒక రకమైతే, మందపాటి రాగి మిశ్రమపు తొడుగును సీసానికి బిగించేది మరొక రకం. చౌక తూటాలలో రెండూ ఒకే రంగులో కనిపించినా పూత రకం అధిక వేగాన్ని తట్టుకోలేదు కనుక, దానిని ఎంత వేగం వరకు వాడవచ్చునో తయారీదారులు విడిగా చెబుతారు. తూటా కొనేవారికి దక్కే ఆ సమాచారం పెళ్లిచీర కొనే తల్లిదండ్రులకు ఎందుకు దక్కకూడదు?

పూత అరిగి రాగి తేలి అంచు నల్లబడినప్పుడు నింద మోసేది గద్వాల, ధర్మవరం నేతగాడే గాని దారం అమ్మినవాడు కాదు. పాతచీరలు కొనేవాడు అంచు గీకి చూసి వెండి లేదని తేల్చిన నాడు, దాచుకున్న ఇల్లాలికి మిగిలేది గుడ్డ మాత్రమే. బంగారు నగలకు 2021 జూన్ నుంచి హాల్‌మార్క్‌ను తప్పనిసరి చేయడం మొదలైంది, పట్టుకు సిల్క్ మార్క్ ఉంది, ఆ సిల్క్ మార్క్ మాత్రం జరీ జోలికి పోదు. భౌగోళిక గుర్తింపు పొందిన సూరత్ జరీ పేరుతో ఏ దారం అమ్ముడవుతోందో చూసేదెవరు? రేటు తగ్గించడానికి కూర్చున్న మండలికి, రకం రాయమని సిఫారసు చేయడానికి తీరిక దొరకలేదా?

2017లో సూరత్ వస్త్ర వ్యాపారులు దుకాణాలు మూసి నిరసన తెలిపినా, 2021 డిసెంబరు 31న వస్త్రాలపై పన్ను పెంపు చివరి గడియలో వాయిదా పడినా, చేనేతపై పన్నే వద్దని తెలంగాణ పదేపదే కోరినా, నేతగాడి మాట మండలి చెవిన పడాలంటే ప్రతిసారీ గొంతు చించుకోవలసిందేనా? సూరత్‌లోని లింబాయత్, ఉధనాలలో మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్న తెలంగాణ పద్మశాలీలకూ, సొంత ఊళ్లలో మగ్గం వదలని వారి బంధువులకూ విసుగు వచ్చి చాలా కాలమైంది.

పన్ను సమానంగా ఉండవచ్చు, సరుకు సమానం కాదు. జరీ ఏ రకమో దారపు కండెపైనా, చీర చీటీపైనా తెలుగులోనూ చదువుకోగలిగే విధంగా రాయించే బాధ్యతను జౌళి శాఖతో కలిసి మండలి ఇకనైనా తలకెత్తుకోవాలి.