డాక్టరు వెళ్ళాక మంచం పక్కన ఎవరు?

ఆసుపత్రి అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది డాక్టరు. "ఏ డాక్టరుకు చూపించారు?" అని అందరం అడుగుతాం. "నర్సులు ఎలా చూసుకున్నారు?" అని అడిగేవాళ్ళు తక్కువ. వార్డులో ఉన్న రోగిని డాక్టరు రోజుకు ఒకటి రెండుసార్లు వచ్చి చూసి వెళతారు. మిగతా సమయమంతా రోగి మంచిచెడ్డలు చూసేది నర్సులే.

సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న మాకు ఈ సంగతి సులువుగానే అర్థమవుతుంది. ఎంత గొప్ప వ్యవస్థను తయారుచేసినా, రాత్రింబవళ్ళు దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. లేకపోతే చిన్న తేడాయే పెద్ద ప్రమాదమవుతుంది. ఆపరేషన్ బాగా జరిగిన రోగి విషయమూ అంతే. ఊపిరి వేగం పెరిగిందనీ, మనిషి మగతగా ఉన్నాడనీ ముందుగా పసిగట్టి డాక్టరును పిలిచేది నర్సే. మందు ఇచ్చే ముందు రోగి పేరు, మోతాదు, వేళ సరిచూడడం, కదలలేని రోగిని పక్కకు తిప్పుతూ పడక పుండ్లు రాకుండా కాపాడడం, ఒక్కో రోగిని ముట్టుకునే ముందు చేతులు శుభ్రం చేసుకోవడం చిన్న పనుల్లాగే కనిపిస్తాయి. ఇవి తప్పితే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది.

దీనికి లెక్కలూ ఉన్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఐకెన్ బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్కో నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ, ఆపరేషన్ అయిన రోగులు 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించిందని తేల్చింది. కాబట్టి ఆసుపత్రికి మంచి యంత్రాలు ఎంత అవసరమో, సరిపడా నర్సులూ అంతే అవసరం.

మనం ఉంటున్న ఒమన్‌నే చూడండి. 1970 నాటికి ఇక్కడి ఆసుపత్రులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తరువాత 1974లో ఖౌలా, 1987లో రాయల్ హాస్పిటల్, 1990లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి వచ్చాయి. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 191 దేశాల ఆరోగ్య వ్యవస్థలను పోల్చినప్పుడు ఒమన్‌కు 8వ స్థానం దక్కింది. ఈ ప్రగతిలో మన దేశం నుంచీ, ఫిలిప్పీన్స్ నుంచీ వచ్చిన నర్సుల చెమట ఉంది. నేడు ఒమనీ యువత కూడా పెద్ద సంఖ్యలో ఈ వృత్తిలో ఉన్నారు.

అయితే నర్సు ఎంత శ్రద్ధగా చూసినా, రోగి మాట ఆమెకు అర్థం కావాలి కదా! ఇక్కడ కట్టడాల పనిలో ఉన్న నిజామాబాద్, కరీంనగర్ అన్నలు, ఇళ్ళలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల అక్కలు చాలామంది తమ బాధను ఇంగ్లీషులోనో అరబ్బీలోనో చెప్పలేరు. సలుపు, పోటు, మంట, తిమ్మిరి, గుంజుడు అంటూ తెలుగులో ఒక్కో బాధకు ఒక్కో మాట ఉంది. అన్నింటినీ 'పెయిన్' అనేస్తే నర్సుకు సగమే తెలుస్తుంది. పక్కన తెలుగు తెలిసినవారు ఒక్కరున్నా ఆ మిగతా సగం చేరుతుంది.

అందుకే తల్లిదండ్రులకు మా విన్నపాలు మూడు. తోటి తెలుగువారు ఆసుపత్రిలో ఉన్నారని తెలిస్తే, వీలైనప్పుడు వెళ్ళి వారి మాట నర్సుకు, నర్సు మాట వారికి వివరించండి. పేరు మళ్ళీ మళ్ళీ అడిగిందని నర్సును విసుక్కోకండి. అది మన భద్రత కోసమే. ఇక మూడవది, మీ అమ్మాయో అబ్బాయో నర్సు అవుతానంటే మొహం చిట్లించకండి. ఇంజనీరు, డాక్టరు తప్ప వేరే చదువే లేదనుకునే ఇళ్ళలో పెరిగినవాళ్ళమే మేమంతా. ఆ అలవాటు మన తరంతో ఆగిపోతే మంచిది.

పిల్లలూ! మే 12 అంతర్జాతీయ నర్సుల దినోత్సవం. 1820లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టిన రోజది. ఆ రోజు మీకు తెలిసిన నర్సు ఆంటీకో, అంకుల్‌కో మీ చేత్తో తెలుగులో ఒక శుభాకాంక్షల కార్డు రాసివ్వండి. వారికి తెలుగు రాకపోతే, చదివి అర్థం చెప్పే బాధ్యత మీదే!