2024 దాటింది, లెక్క ఏది?

2018 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రపంచానికి మాట ఇచ్చింది. 2024 నాటికి 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు, రసాయనాల ఊసే లేని సేద్యం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆ ప్రకటనకు తోడు నిలిచింది. అమలు భారం రైతు సాధికార సంస్థది. అది లాభాపేక్ష లేని ప్రభుత్వ సంస్థ. గడువు వచ్చింది, వెళ్లింది. చేరిన రైతులు పది లక్షల దరిదాపుల్లో ఉన్నారు. ఆ ఏడాదే ఈ ప్రకృతి సేద్య పథకానికి అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి మాత్రం వచ్చింది.

బహుమతి మీద మాకు కడుపుమంట లేదు. ఊరూరా జీవామృతం కలిపి, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లించిన పొదుపు సంఘాల మహిళల కష్టం అబద్ధం కాదు. కానీ ఆరింట అయిదు వంతుల మాట తప్పినవాళ్లు గడువు పొడిగించి ఊరుకుంటే సరిపోదు.

పల్నాటికి రండి. ఇక్కడ పండేది మిరప, పత్తి. మందు కొట్టకుండా కోతకొచ్చే చేను అరుదు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూత మీద పడితే రైతు దొరికిన మందల్లా కొట్టాడు, పురుగు లొంగలేదు, అప్పు మిగిలింది. ప్రకృతి సేద్యం తన సత్తా చూపాల్సిన అదను అదే. ఆ రోజుల్లోనూ రైతు తలుపు తట్టింది పురుగుమందుల కొట్టువాడే. విత్తనం, ఎరువు, మందు అన్నీ అరువిచ్చి కల్లంలో వసూలు చేసుకునే మనిషికి సమాధానం చెప్పకుండా కషాయం కాయమంటే ఎవరు కాస్తారు?

కౌలురైతు సంగతి మరీ అన్యాయం. 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు రావాలన్నా భూయజమాని సంతకం కావాలి. కౌలు ఏడాదికో మాట. నేల బాగుపడటానికి మూడు నాలుగేళ్లు పడితే, ఆ సారం అనుభవించేది వచ్చే ఏటి కౌలుదారో, ఆసామో. బ్రహ్మనాయుడు అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టాడని చెప్పుకునే గడ్డ ఇది. ఈ పథకం చాప మీద కౌలుదారుడికి చోటెక్కడ?

వాతావరణం పేరు చెప్పి తెచ్చిన పథకాన్ని పేర్ల నమోదుతో కొలిస్తే కుదరదు. నత్రజని ఎరువు నుంచి వెలువడే నైట్రస్ ఆక్సైడ్ బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 273 రెట్లు వేడి పుట్టిస్తుంది. నిజంగా తగ్గాల్సింది అది. రిజిస్టరులో పేర్లు పెరుగుతూ, డీలరు దగ్గర యూరియా బస్తాలు తగ్గకపోతే ఆకాశానికి ఒరిగిందేమిటి? (పిడుగురాళ్లలో వంద కిలోల సున్నపురాయి కాలిస్తే దాదాపు 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తాయి, బొగ్గు పొగ అదనం. బట్టీల జోలికి ఎవరూ పోరు. నేలలో కర్బనం దాచే బాధ్యత మాత్రం పేదరైతుది!)

మేము అడిగేది కష్టమైనది కాదు. మాచర్ల, గురజాల, నరసరావుపేట మొదలుకొని ప్రతి మండలంలో ఎన్ని ఎకరాలు పూర్తిగా మారాయి, ఎన్ని సగంలో వెనక్కి పోయాయి, వాటిలో కౌలుభూమి ఎంత, అక్కడ ఎరువుల అమ్మకం ఎంత తగ్గింది? ఈ నాలుగు అంకెలు ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద రాయించండి. ఈ లెక్క అడిగే హక్కు జనానికి ఉంది: జర్మనీ అభివృద్ధి బ్యాంకు ఈ పథకానికి మంజూరు చేసిన 9 కోట్ల యూరోలు విరాళం కాదు, జనం పన్నులతో తీర్చాల్సిన అప్పు.