కాజాలు కుట్టే అక్క పేరు ఎక్కడ రాశారు?

వారం వారం – రాచవీటి వాసి

మా రాయచోటిలో దర్జీకి ఏడాదంతా ఒకెత్తు, రంజాన్ నెల ఒకెత్తు. పండుగ పది రోజులు ఉందనగానే "ఇంక గుడ్డ పట్టం భాయ్, కుట్టాల్సిందే రాశి పడింది" అని చెప్పేస్తారు. తెల్లవార్లూ మిషన్లు తిరుగుతాయి. ఆ అంగళ్ల వెనక సందుల్లో ఇంకో పని నడుస్తుంటుంది. కుట్టిన చొక్కాలను సంచుల్లో కట్టి ఇళ్లకు పంపుతారు. అక్కడ ఆడవాళ్లు గడప దగ్గర వెలుతురు పడేచోట కూర్చొని కాజాలు కుడతారు, గుండీలు వేస్తారు. గుడ్డను సన్నగా చీల్చి, ఆ అంచు చుట్టూ దారాన్ని ముడి పక్కన ముడిగా బిగించుకుంటూ పోవాలి. ఒక్క ముడి సడలినా నాలుగు ఉతుకులకు కాజా నోరు తెరుస్తుంది. మిషన్ కాజాలు వచ్చి ఎన్నేళ్లయినా, చేతి కాజానే కావాలనే పెద్దవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. చొక్కాకు ఇంత అని కూలి.

2020లో రంజాన్ నెల ఏప్రిల్ 25న మొదలై మే 24తో ముగిసింది. అప్పటికి లాక్‌డౌన్ పెట్టి నెల దాటింది. ఆ నెలంతా బజారులో షట్టర్లు లేవలేదు. మా సందులో కాజాలు కుట్టే అక్కను జూన్‌లో పలకరిస్తే అన్న మాట నాకింకా చెవిలోనే ఉంది. "గుడ్డే రాలేదు సార్, కూలి యాడనుంచి వస్తాది? దర్జీ అన్నకు పదివేలు పడినాయంట. మంచిదే. ఆయన దగ్గర నేను పనిచేస్తానని గవర్నమెంటుకు ఎవురు జెప్పాల?"

ఆమె అసూయతో అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ ప్రశ్న మీదే ఈ వారం రాస్తున్నాను.

ఆమెకు ఏమీ అందలేదని చెబితే అబద్ధమవుతుంది. ఏప్రిల్ 4న వార్డు వాలంటీరు ఇంటికొచ్చి రేషన్ కార్డు మీద వెయ్యి రూపాయలు ఇచ్చిపోయాడు. ఉచిత బియ్యం వచ్చింది. జన్‌ధన్ ఖాతాలో కేంద్రం మూడు నెలలు ఐదేసి వందలు వేసింది. మొత్తం 2,500 రూపాయలు. ఆ డబ్బుతో పొయ్యి వెలిగిందని ఆమే చెప్పింది. అది సాయం. పేదవాళ్లందరికీ ఒకే లెక్కన పంచినది. ఆమె పోగొట్టుకున్న కూలిని ఎవరూ లెక్కగట్టలేదు. ఆమెకు కూలి ఉందన్న సంగతే ఏ కాగితం మీదా లేదు.

కూలికి, జీతానికి అంటూ ప్రభుత్వాలు పెట్టిన డబ్బు ఎవరి దాకా వచ్చిందో చూడండి. మార్చి 26న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించిన 1.70 లక్షల కోట్ల ప్యాకేజీలో జీతగాళ్ల కోసం పెట్టింది పీఎఫ్ సాయం. యజమాని వాటా 12 శాతం, ఉద్యోగి వాటా 12 శాతం కలిపి 24 శాతం కేంద్రమే కడుతుందన్నారు. మొదట మూడు నెలలు, తర్వాత ఆగస్టు దాకా పొడిగించారు. నూరుమంది లోపు ఉద్యోగులుండాలి, వాళ్లలో నూటికి తొంభై మంది జీతం 15 వేల లోపు ఉండాలి. ఇదంతా బాగానే ఉంది. కానీ పీఎఫ్ చట్టం వర్తించేదే ఇరవై మంది పనిచేసే చోట. ఇరవై మంది పనివాళ్లున్న అంగళ్లు మా బజారులో ఎన్ని ఉంటాయి? బట్టల అంగట్లో నలుగురు, చెప్పుల అంగట్లో ఇద్దరు, హోటల్లో ఎంగిలి బల్లలు తుడిచే పిల్లోడితో కలిపి ఏడుగురు. ఉద్యోగం పోయినవాళ్లకు తొంభై రోజుల దాకా సగం జీతం ఇస్తామన్న ఈఎస్ఐ పథకమూ అంతే. పది మంది ఉంటే తప్ప ఆ చట్టం గడప తొక్కదు.

రాష్ట్రం ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. జూన్ 4న వాహనమిత్ర కింద సొంత ఆటోలు, ట్యాక్సీలు ఉన్నవాళ్లు 2.62 లక్షల మందికి, జూన్ 10న జగనన్న చేదోడు కింద దర్జీలు, రజకులు, నాయీబ్రాహ్మణులు 2.47 లక్షల మందికి తలా పదివేలు నేరుగా ఖాతాల్లో పడ్డాయి. ఆ డబ్బుతో బాడుగ బాకీ తీర్చుకున్న దర్జీలు నాకు తెలుసు. వాళ్ల ముఖాల్లో తేటదనం చూశాను. అయితే సొంత ఆటో ఉన్నవాడికి వచ్చింది, రోజుకింత అని బాడుగ కట్టి అదే ఆటో తోలేవాడికి రాలేదు. అంగడి ఉన్నవాడికి వచ్చింది, అదే అంగట్లో రెండో కుర్చీ దగ్గర కత్తెర పట్టుకున్నవాడికి రాలేదు. కాజాలు కుట్టే అక్క ఇంకా కింది మెట్టు మీద ఉంది. ఆమెకు కుర్చీ కూడా లేదు.

అంగడివాళ్ల మీద నేను నింద వేయబోవడం లేదు. మార్చి 29న కేంద్ర హోంశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది, లాక్‌డౌన్‌లో పనివాళ్ల జీతం పైసా కోయకూడదని. కోయకుండా ఇవ్వడానికి డబ్బు మాత్రం ఇవ్వలేదు. మే 18 నుంచి ఆ ఉత్తర్వే లేకుండా పోయింది. జూన్ 12న సుప్రీంకోర్టు యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దని చెప్పి, మీరూ మీరూ కూర్చొని మాట్లాడుకోండి అంది. మా బజారులో ఆ మాటలు అప్పటికే అయిపోయాయి. చేతనైనవాళ్లు సగం జీతం ఇచ్చారు. కొందరు బియ్యం మూట ఇచ్చారు. కొందరు ఫోన్ ఎత్తలేదు. చిన్న వ్యాపారాలకని కేంద్రం పెట్టిన మూడు లక్షల కోట్ల హామీ రుణం కూడా పాత అప్పును బట్టే. 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఉన్న బాకీలో 20 శాతం. బ్యాంకు ముఖం చూడకుండా నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి సరుకు నింపుకున్నవాడికి ఆ 20 శాతం సున్నా మీద లెక్క.

ఇదే కాలంలో బ్రిటన్‌లో ఏం జరిగిందో తెలిసినవాళ్లకు తెలుసు. పని ఆగిన ఉద్యోగి జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా, ప్రభుత్వమే భరించింది. 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబర్ 30 దాకా ఏదో ఒక రూపంలో ఆ పథకం నడిచింది. వీసా ఏదని కూడా అడగలేదు. అక్కడ ప్రతి జీతం పన్నుల శాఖ పుస్తకాల గుండా పోతుంది కాబట్టి మీట నొక్కితే చేరింది. అది సంపన్న దేశం, పోలిక ఎందుకు అనొచ్చు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, పుస్తకంలో పేరుండటం అన్నది డబ్బుతో మాత్రమే అయ్యే పని కాదు.

మా ఊరికి కువైట్ దారి గురించి చెప్పకపోతే ఈ లెక్క సగమే. ఇక్కడి ఇళ్లలో చాలా భాగం అక్కడి వంటింట్లో కడిగిన గిన్నెల మీద, తోలిన కార్ల మీద నిలబడినవి. 2020 ఏప్రిల్‌లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించి, ఆకామా (నివాస అనుమతి) ముగిసినవాళ్లను జరిమానా లేకుండా, టికెట్ తానే పెట్టుకొని పంపిస్తానంది. అప్పటికి మన దేశంలో విమానాలు ఆగిపోయి ఉన్నాయి. పేర్లు రాయించుకున్నవాళ్లు వారాల తరబడి శిబిరాల్లో కూర్చున్నారు. మే నెలలో విమానాలు మొదలయ్యాక దిగారు, క్వారంటైన్ చేశారు, ఇంటికొచ్చారు. కఫీల్ (అక్కడి యజమాని) దగ్గర ఆగిన జీతాన్ని అడగడానికి వాళ్లకు అక్కడ నోరు లేదు. ఇక్కడ అడుగుదామంటే ఏ పథకంలోనూ వాళ్ల వరుస లేదు.

ఆ ఏడాది పేరు చెప్పి పని అడిగిన మనిషికి అడిగినంతలో కూలి దొరికిన చోటు ఒక్కటే. మా పల్లెల్లో దాన్ని ఉపాధి హామీ అనరు, కరువు పని అంటారు. ఆ మాట వయసు పెద్దది. 1876-78 కరువులో కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు ఎండిపోయినప్పుడు తెల్లదొరలు గుంతలు తవ్వించి కూలి ఇచ్చారు. వాళ్ల సర్కారు తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని తేల్చాడు. మన లెక్కలో అర్ధకిలో కూడా లేదు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అడ్డం తిరిగాడు. మట్టి మోసే మనిషికి పౌనున్నర గింజలు, వాటితో కూరగాయలు, పప్పు లాంటివి ఉండాలన్నాడు. కష్టకాలంలో కూలి ఎంత ఉండాలన్న తగాదా అలా మన సీమ మట్టి మీదే జరిగింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీని దేశానికి మొదలుపెట్టిన చోటు కూడా అనంతపురం జిల్లా బండ్లపల్లే.

2020 ఏప్రిల్ 20 తర్వాత ఆ పనులకు అనుమతి వచ్చింది. మన రాష్ట్రంలో ఆ ఏడాది రోజు కూలి రేటు 237 రూపాయలు. కేంద్రం బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లకు మే నెలలో ఇంకో 40 వేల కోట్లు చేర్చింది. మే చివర్లో ఒకరోజు పొద్దున్నే ఐదున్నరకు మా పక్క పల్లె చెరువులో చూశాను. గడ్డపారలు, తట్టలు, మూతికి కట్టుకున్న తువ్వాళ్లు. వాళ్లలో ఒక మనిషిని గుర్తుపట్టాను. మా బజారులో బట్టల అంగట్లో పదిహేనేళ్లుగా గుడ్డ కొలిచే ఆయన. ఊళ్లో అమ్మ పేరు మీదున్న జాబ్ కార్డులో తన పేరూ చేర్పించుకున్నాడు. అరచేతులు చూపించాడు, బొబ్బలు పగిలి గుడ్డపేలికలు చుట్టుకొని ఉన్నాయి. "మీటరు గుడ్డ కొలిచేది తెల్సు సార్. మీటరు మట్టి ఎంతుంటాదో ఇప్పుడు తెల్సింది" అన్నాడు. మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఆయన వేలిముద్ర పడింది. నీ యజమాని ఎవరు, నీకు పీఎఫ్ ఉందా, సొంత అంగడి ఉందా అని ఆ మస్టరు అడగలేదు.

ఆయనకు పల్లె ఉంది. కాజాలు కుట్టే అక్క పుట్టింది, పెరిగింది, మెట్టింది అన్నీ పురపాలక వార్డుల్లోనే. ఆమెకు కరువు పని లేదు. కేరళ 2010లోనే పట్టణాల్లో అయ్యంకాళి పేరుతో ఉపాధి హామీ పెట్టింది. కరోనా వచ్చాక హిమాచల్, జార్ఖండ్, తర్వాత రాజస్థాన్ పట్టణ కూలికి పథకాలు తెచ్చాయి. మన పట్టణాలకూ అలాంటి మస్టరు ఒకటి కావాలని నేను గట్టిగా అడుగుతున్నాను. అందులో గడ్డపార పనే ఉండాలని లేదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం కూడా పనే.

దాంతోపాటు ఇంకో మాట. అందరి మేలు కోరి అంగడి మూయమన్నది ప్రభుత్వం. ఆ మూసిన రోజుల కూలిలో సగమైనా ప్రభుత్వం పంచుకోవడం న్యాయం. ఎవరికి ఇవ్వాలో తెలియదన్న సాకు చెల్లదు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద అంగడి రిజిస్టరు చేసేటప్పుడు పనివాళ్ల లెక్క చెప్పాలన్న నియమం అప్పటికే ఉంది. ట్రేడ్ లైసెన్సు కోసం పురపాలక సంఘం మెట్లెక్కాలి. 2021 ఆగస్టు 26న మొదలైన అసంఘటిత కార్మికుల జాబితా ఈ-శ్రమ్‌లో ఇప్పటికి 30 కోట్లకు పైగా పేర్లున్నాయి. కార్డు ఉంది, పన్నెండు అంకెల నంబరుంది. విపత్తు రోజున ఆ నంబరుకు ఇంత కూలి అని రాసిన చట్టం ఒక్కటి లేదు.

మొన్న ఈ సంగతులన్నీ మా సందు దర్జీ భాయ్‌తో మాట్లాడుతుంటే ఆయన లేచి, మిషన్ కింది సొరుగు లాగి పొడుగు నోటుబుక్కు ఒకటి తీశాడు. ఎవరింటికి ఎన్ని చొక్కాలు పంపాడో, ఎన్ని కాజాలు వచ్చాయో, ఎంత ఇచ్చాడో తేదీలతో సహా అందులో ఉంది. 2019 రంజాన్ పేజీలు సందు లేకుండా నిండిపోయాయి. తర్వాతి ఏడాది ఆ నెలలో ఒకే వరుస ఉంది. అక్క పేరు, పక్కన 'అడ్వాన్సు ఐదు నూర్లు', దాని మీద అడ్డంగా కొట్టేసిన గీత. "ఎట్లడిగేది సార్, వదిలేసినా" అన్నాడు.