ఆది లేని చొక్కా

మనవాళ్ళు కొత్తవాళ్ళను కలిస్తే అడిగే మొదటి ప్రశ్న ‘మీదే ఊరండీ?’ రెండోది ‘మీ ఇంటిపేరు?’ మూడో ప్రశ్న అడగవలసిన పనిలేదు, ఆ రెంటిలోనే తేలిపోతుంది. ఇవన్నీ అయితేగాని మనిషి సంగతి రాదు. అది వచ్చేలోగా దిగవలసిన స్టేషను వచ్చేస్తుంది.

ఈ వరస తలకిందులైన చోటు ఒకటి చూశాను. పోయిన ఏడు మా ఊరి గ్రంథాలయం వెనకగదిలో, ఆదివారం సాయంత్రాలు కథలు వ్రాయడం నేర్పే తరగతి పెట్టారు. ఉద్యోగం విరమించిన నన్ను కాసేపైనా ఇల్లు కదిలించే మార్గం కోసం చూస్తున్న మా ఆవిడ, నాతో చెప్పకుండానే నా పేరిచ్చి వచ్చింది.

మొత్తం పన్నెండుమందిమి. ఒక నర్సు, డిగ్రీ చదివే అమ్మాయి, రిటైరైన పోస్టుమాస్టరు, బజారులో దర్జీ, ఇలా. మేష్టారు పెట్టిన నియమం ఒకటే. ఎవరు వ్రాసింది వారు పైకి చదవాలి. పూర్తయ్యేవరకు మిగతావారు నోరు మెదపకూడదు. అందువల్ల ఆ నర్సు ఏ వీధిలో ఉంటుందో తెలియకముందే, కళ్ళెదుట మొదటిసారి ఒక ప్రాణం పోయిన రాత్రి ఆసుపత్రి మెట్లమీద కూచుని ఏడ్చిందని మాకు తెలిసింది. పోస్టుమాస్టరుగారి ఇంటిపేరు నాకీనాటికీ తెలియదు. చిన్నతనంలో నూతిలో పడిపోయిన ఆయన తమ్ముడి పేరు తెలుసు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1919లో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారు స్థాపించిన సాహితీ సమితిలోనూ రచనలు ఒకరికొకరు వినిపించుకునేవారు. 1930, 40లలో ఆక్స్‌ఫర్డులో ‘ఇంక్లింగ్స్’ అనే మిత్రబృందం సి. ఎస్. లూయిస్ గదిలో చేరి ఇదే పని చేసింది. టోల్కీన్ 1937లో ఎత్తుకున్న ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వ్రాయడానికి పుష్కరకాలం పట్టింది. లూయిస్ వెంటపడకపోతే అది పూర్తయ్యేది కాదని ఆయనే ఒప్పుకున్నాడు.

అయితే వెంటపడటమంటే మెచ్చుకోవడమొక్కటే కాదు. ఆ సంగతి నా వంతు వచ్చినప్పుడు తెలిసింది. పంపకాల్లో తమ్ముడికి అన్యాయం చేసిన అన్నగారి కథ చదివాను. పేర్లు మార్చాను గాని కథ నాదే. మా అన్నయ్యతో మాటలు లేక అప్పటికి పదకొండేళ్ళు. అందరూ బాగుందన్నారు. దర్జీ మాత్రం కాస్త నసిగి, ‘‘ఏమీ అనుకోకండి సార్. కథంతా తమ్ముడే మాట్లాడాడు. అన్నగారు నోరు విప్పనేలేదు. ఆది లేకుండా కుట్టిన చొక్కాలా ఉందండి, ఆయన ఒంటికి సరిపోదు’’ అన్నాడు.

నాకు కోపం వచ్చింది. రెండు ఆదివారాలు వెళ్ళలేదు. మూడో ఆదివారం అతనే మా ఇంటికి వచ్చాడు. ఆ మాటా ఈ మాటా చెప్పి, కాఫీ తాగి, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, ‘‘అన్నగారు మాట్లాడారాండీ?’’ అన్నాడు. కథలో అన్నగారిని గురించే కాబోలు.

ఆ రాత్రి కాగితం ముందేసుకు కూచున్నాను. అన్నయ్య ఏమంటాడో ఒక్క మాటా తట్టలేదు. పదకొండేళ్ళలో నేనడిగితే గదా! తెల్లవారి బస్సెక్కాను.

పంపకాలేమీ మారలేదు. అన్నయ్య చెప్పిందంతా, మా తరగతి నియమం ప్రకారం, నోరు మెదపకుండా విన్నాను. నాన్నగారి వైద్యానికి చేసిన అప్పు తానొక్కడే తీర్చాడట. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

తరగతి ఆర్నెల్లకు ముగిసింది. ఆదివారం సాయంత్రాలు మేం అయిదారుగురం ఇప్పటికీ దర్జీ దుకాణంలో చేరుతున్నాం. నా కథ ఇంకా పూర్తికాలేదు. మొన్న సంక్రాంతికి అన్నయ్య మా ఇంటికి వచ్చాడు.

మీ ఊరి గ్రంథాలయంలోనూ వెనకగది ఒకటి ఖాళీగా ఉంటుంది, అడిగి చూడండి. రచయితలవుతారని నేను పూచీపడలేను. చెప్పేది చివరిదాకా వినే మనుషులు నలుగురు దొరుకుతారు.