ఆ పచ్చ గళ్ళ చార్ట్ నమ్మి టీమ్ కొనకండి బ్రదర్స్

ఫుట్‌బాల్ మేనేజర్ ఆడే మన బ్యాచ్ కోసమే ఈ పోస్ట్. కొంచెం పొడుగు, తిట్లు కూడా ఉన్నాయి. ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి చదివేవాళ్ళు కెమెరా కూడా ఆపుకోండి.

మన లీగ్ డ్రాఫ్ట్ దగ్గర పడగానే ఎవరో ఒకరు ఆ చార్ట్ పట్టుకొస్తారు. గోలీకి ఈ ఆరు, సెంటర్ బ్యాక్‌కి ఈ ఆరు, స్ట్రైకర్‌కి ఈ ఐదు. 14 దాటితే కొను, లేకపోతే వదిలెయ్. ఇలాంటిది ఎక్కడ చూశానా అని ఆలోచిస్తే తట్టింది. వెండర్ దగ్గర్నుంచి వచ్చే రిక్వైర్‌మెంట్ మెయిల్! మస్ట్ హ్యావ్, నైస్ టు హ్యావ్, ఇన్నేళ్ళ అనుభవం. ఆ మెయిల్‌కి తగ్గట్టు రెజ్యూమె వంచి వంచి ఇక్కడిదాకా వచ్చినవాళ్ళం మనం. ఆ గళ్ళలో మన అసలు పని ఎంత పట్టిందో మనకి తెలీదా? అలాంటిది మనకో మేనేజర్ సీటు దొరగ్గానే, అదీ ల్యాప్‌టాప్‌లో, మొదటి పని అవే గళ్ళు పట్టుకుని ఇంకొకణ్ణి ఏరెయ్యడం.

చార్ట్ మొత్తం అబద్ధం అనట్లేదు. 25 వెర్షన్ క్యాన్సిల్ అయ్యాక మనమంతా ఆగిపోయిన 24లో, రోల్ ఎంచుకోగానే ఆటే కొన్ని అట్రిబ్యూట్స్ వెలిగించి చూపిస్తుంది. మామూలు సెంట్రల్ డిఫెండర్‌కి హెడింగ్, మార్కింగ్, ట్యాక్లింగ్, పొజిషనింగ్, జంపింగ్ రీచ్, స్ట్రెంత్. తప్పేం లేదు. కానీ మీరు లైన్ ఎక్కడ పెడుతున్నారో ఆ గళ్ళకి తెలీదు కదా. డిఫెన్స్ లైన్‌ని సెంటర్ సర్కిల్ దాకా తోసి, వెనకాల సగం గ్రౌండ్ ఖాళీగా వదిలి, అక్కడ పేస్ 8 ఉన్న పహిల్వాన్‌ని నిలబెడతారు. హెడింగ్ 17 అంట. బంతి వాడి తల మీదకి వస్తే కదా! వాడి వెనకాలకి వెళ్తుంది, వాడు దాని వెనకాల వెళ్తాడు. హై లైన్ ఆడేవాడికి ముందు కావాల్సింది పేస్, యాక్సిలరేషన్, యాంటిసిపేషన్. పెనాల్టీ బాక్స్ ముందు గుంపుగా కూర్చునే టీమ్‌కైతే అదే పహిల్వాన్ బంగారం, కాకపోతే కాన్సన్‌ట్రేషన్ చూస్కోండి. 80 నిమిషాలు బాగా ఆడి 85వ నిమిషంలో నిద్రపోయేవాడు వద్దు.

గోలీల దగ్గర మనవాళ్ళు చేసే ఘోరం ఇంకోటి. ఎక్సెంట్రిసిటీ, పంచింగ్, రషింగ్ అవుట్. ఈ మూడూ పనితనం కొలిచే నంబర్లు కావు, వాడి అలవాటు చెప్పే నంబర్లు. ఎక్కువుంటే ఆ పని ఎక్కువసార్లు చేస్తాడు, అంతే. మొన్న మనలో ఒకాయన (పేరు చెప్పను, ఆయనకి తెలుసు) ఎక్సెంట్రిసిటీ 18 చూసి మురిసిపోయి కొన్నాడు. ఆ గోలీ బాక్స్ దాటి డ్రిబ్లింగ్ మొదలెట్టి సెమీఫైనల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. థాంక్స్ అన్నా. గోలీకి రిఫ్లెక్సెస్, అజిలిటీ, పొజిషనింగ్, హ్యాండ్లింగ్ చూడండి. తర్వాతే మిగతావి.

స్ట్రైకర్ అంటే అందరికీ ఫినిషింగ్ పిచ్చి. ఫినిషింగ్ 17, ఆఫ్ ద బాల్ 8 ఉన్నవాడు ఎలాంటివాడంటే, వంట అద్భుతంగా చేస్తాడు గానీ కిచెన్ ఎక్కడుందో వాడికి తెలీదు. షాట్ కొట్టే చోటికి చేరితే కదా కొట్టేది. ఆఫ్ ద బాల్, యాంటిసిపేషన్, కంపోజర్, ఫస్ట్ టచ్ బాగుంటే ఫినిషింగ్ 13 చాలు. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌కి కూడా ట్యాక్లింగ్ 18 అక్కర్లేదు. సరైన చోట ముందే నిలబడేవాడికి కాలు పెట్టే పని తక్కువ. పొజిషనింగ్, డెసిషన్స్, టీమ్‌వర్క్ చూడండి. ఫుల్ బ్యాక్‌కి ముందు స్టామినా, వర్క్ రేట్. క్రాసింగ్ ఆ తర్వాత.

ఇక్కడ ఒకడు లేస్తాడని తెలుసు. "అన్నా, టెస్టులు చేసినోళ్ళంతా పేస్, యాక్సిలరేషనే గెలిపిస్తాయని తేల్చారు కదా" అని. కాదనను. ఈ మ్యాచ్ ఇంజిన్‌లో వేగానికి ఎక్కువ విలువుంది, నిజం. అందుకని 11 మంది స్ప్రింటర్లని కొని గెలిస్తే మీరు ఆడింది ఫుట్‌బాలా, రన్నింగ్ రేసా? అదీగాక డ్రాఫ్ట్‌లో అందరూ వేగం వెనకాలే పడితే మిగిలిన మంచివాళ్ళంతా చవగ్గా నాకు దొరుకుతారు. ఈ ముక్క చెప్పకుండా దాచుకోవాల్సింది.

గేమ్ సంగతి కాబట్టి నమ్మరు. మన ఊళ్ళో నిజంగా మేనేజర్‌గా బతికిన మనిషి సంగతి చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీమ్, హైదరాబాద్, మొదట స్కూల్ టీచర్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన టీమ్‌ని నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మన చార్ట్ ప్రకారం వాడు అవుట్. రహీమ్ ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌లో పెట్టాడు. సెమీఫైనల్లో ఒక గోల్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఇంకో గోల్. 2-1, గోల్డ్ మెడల్. ఆ ఫైనల్లో గోలీ పీటర్ తంగరాజ్, హైదరాబాద్‌లో పుట్టినవాడే, ఆట మొదలుపెట్టింది సెంటర్ ఫార్వర్డ్‌గా! ఆ రోజుల్లో ఎవడైనా గళ్ళు చూసి "గోలీ అనుభవం నిల్" అని పక్కన పడేసి ఉంటే?

చార్ట్‌లో అసలు కనపడనివి ఇంకా ఉన్నాయి. కన్సిస్టెన్సీ, ఇంపార్టెంట్ మ్యాచెస్, ఇంజురీ ప్రోన్‌నెస్, ప్రొఫెషనలిజం. ఇవన్నీ దాచిన నంబర్లు. స్కౌట్ రిపోర్ట్ చదివితే పెద్ద మ్యాచ్‌లంటే జంకుతాడని ఒక లైన్లో రాసి ఉంటుంది. ఆ లైన్ ఎవడు చదువుతున్నాడు? రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే కాల్‌లో కూర్చుని లేపినవాడు ఎవడో ఏ రెజ్యూమెలోనూ ఉండదు. ఒకసారి అలా లేపిన నెలలోనే నా కాంట్రాక్ట్ అయిపోయింది. నా ప్లేస్‌లో వచ్చినవాడికి కీవర్డ్స్ అన్నీ ఉన్నాయి. వాడి మీద కోపం లేదు, వాడూ మనవాడే. అప్పట్నుంచీ స్కౌట్ రిపోర్ట్ చివరి లైన్ దాకా చదువుతున్నా. స్కౌట్ చేయనివాడి నంబర్ 9 నుంచి 14 అని కనపడితే 9 అనుకుని వదిలెయ్యకండి. స్కౌట్‌ని పంపి చూడండి, ఖర్చు మీ జేబులోది కాదుగా.

చివరగా మన ఎంఎల్ఎస్ సేవ్ ఆడేవాళ్ళకి. ఇక్కడ ప్రతి క్లబ్‌కి ఎనిమిది ఇంటర్నేషనల్ స్లాట్లతో లెక్క మొదలవుతుంది, ఆ స్లాట్లు క్లబ్బులు అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. నిజం లీగ్‌లో అయితే గ్రీన్ కార్డ్ ఉన్న ప్లేయర్ అమెరికన్ క్లబ్‌కి లోకల్ కిందే లెక్క, స్లాట్ తినడు. అంటే అన్నీ 11 ఉన్న లోకల్ రైట్ బ్యాక్ ఒక్కోసారి అన్నీ 14 ఉన్న బ్రెజిల్ వాడికంటే విలువైనవాడు. ఏ చార్ట్‌లో ఉందండీ ఈ అట్రిబ్యూట్? పుష్కరం నుంచి ప్రయారిటీ డేట్ చూస్కుంటూ కూర్చున్న మనకి ఇది ఎవరో చెప్పాలా?

శనివారం డ్రాఫ్ట్‌కి ఎవరి సిస్టమ్ వాళ్ళు ముందు కాగితం మీద రాసుకుని రండి. లైన్ ఎక్కడ, ప్రెస్ ఎంత, బంతి ఎటు నుంచి ముందుకెళ్తుంది, ఇవి రాశాకే ప్లేయర్ల పేర్లు. కామెంట్స్‌లో నన్ను తిట్టాలనుకునేవాళ్ళు ముందు మీ గోలీ ఎక్సెంట్రిసిటీ ఎంతో చెప్పి తిట్టండి.