‘ఇంటి పని’ మినహాయింపు ఎత్తేయాలి, బడి చట్టం పద్దెనిమిదేళ్లదాకా పెంచాలి

నడిగడ్డ, కర్నూలు, నంద్యాల విత్తన పత్తి పల్లెల తల్లిదండ్రులకు, పంచాయతీ సభ్యులకు, టీచర్లకు, మన ఎంపీలకు విన్నపం.

విత్తన పత్తి చేలో పని రెండు పూటలది. సాయంత్రం ఆడ వరుసల్లో, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను చూసుకుని, రేకులూ పుప్పొడి కోశాలూ గోటితో గిల్లేయాలి. లోపలి కీలానికి దెబ్బ తగలకూడదు. తెల్లారాక మగ పూలు తెంపుకొచ్చి, ముందురోజు గిల్లిన ఒక్కో మొగ్గకూ రుద్దాలి. ఎండ ముదిరితే రుద్దినా కాయ సరిగ్గా నిలవదు. దీన్నే క్రాసింగ్ అంటాం. ఆడపిల్లల వేళ్లు సన్ననివి, మొగ్గ నలగదని ఒక మాట. మొక్క వాళ్ల ఎత్తుకు సరిపోతుందని ఇంకో మాట. అసలు మాట ఎవరూ అనరు: పెద్దవాళ్ల కంటే తక్కువ కూలికి వస్తారు, ఎదురు చెప్పరు. విత్తన కంపెనీ తన మధ్యవర్తి అయిన ఆర్గనైజరుకు, ఆర్గనైజరు రైతుకు, రైతు కూలి తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇస్తాడు. అది తీరేది పిల్ల రెక్కలతో.

పేదరికం పోతే ఇదీ పోతుందిలే అని మనకు మనం సర్దిచెప్పుకుంటాం. ఈ సర్దుబాటు మాటనే మైరన్ వీనర్ నిలదీశాడు. ఎంఐటీలో రాజనీతి శాస్త్రం బోధించిన ఈయన మనకు కొత్తవాడేమీ కాదు, స్థానికులకే ఉద్యోగాలన్న మన ముల్కీ తగవుల మీద అంతకుముందే రాశాడు. 1991లో వచ్చిన ‘ది చైల్డ్ అండ్ ది స్టేట్ ఇన్ ఇండియా’ కోసం అధికారులను, టీచర్లను, యజమానులను, కార్యకర్తలను కూర్చోబెట్టి మాట్లాడాడు. మనవాళ్లు నిర్బంధ విద్య పెట్టకపోవడానికి డబ్బు లేకపోవడం కారణం కాదని తేల్చాడు. తలతో పనిచేసే పిల్లలు వేరు, చేతులతో పనిచేసే పిల్లలు వేరు అన్న నమ్మకం చదువుకున్నవాళ్లలో, కుర్చీలో ఉన్నవాళ్లలో పాతుకుపోయిందన్నాడు. చురుక్కుమనే మాటే, కానీ మన ఇళ్లలో వినపడని మాట కాదు.

జపాన్ ఊరూరా బడి పెట్టాలని 1872లో ఆజ్ఞ వేసినప్పుడు సంపన్న దేశం కాదు. బడి ఖర్చు భారమనీ, పిల్లలు పొలానికి కావాలనీ అక్కడి రైతులు కొన్నిచోట్ల బడులే తగలబెట్టారు. అయినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. దక్షిణ కొరియా యుద్ధంలో బూడిదై, 1950లలోనే దాదాపు పిల్లలందరినీ ప్రాథమిక బడిలో కూర్చోబెట్టింది. శ్రీలంక 1945 నుంచే ఉచిత విద్య ఇచ్చింది. మన సంగతి చూడండి. గోఖలే 1911లో నిర్బంధ విద్య బిల్లు పెడితే ఆ మరుసటి ఏడాది ఓడగొట్టారు. రాజ్యాంగం 1960 కల్లా పద్నాలుగేళ్లదాకా పిల్లలందరికీ చదువు చెప్పాలంది. ఆ చదువును హక్కు చేసిన విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. యాభై ఏళ్ల ఆలస్యం!

ఆ చట్టం రాకముందే రంగారెడ్డి జిల్లా దారి చూపింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రమే చెప్పిన శాంతా సిన్హా, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ కార్యకర్తలతో కలిసి, ఊళ్లలో పనికిపోయే పిల్లలను శిబిరాల్లో చేర్చి, చదువు అందుకున్నాక వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. తల్లిదండ్రుల ఆదాయం పెరిగేదాకా ఆగలేదు. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికురాలే అన్నది వాళ్ల నియమం. పశువులు కాసినా, తమ్ముణ్ణి ఎత్తుకున్నా సరే, అందులో సడలింపు లేదు.

సడలింపు ఢిల్లీ ఇచ్చింది. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించడాన్ని నిషేధిస్తూనే, బడి వేళ అయ్యాకో సెలవుల్లోనో కుటుంబానికి సాయపడవచ్చంది. కుటుంబమంటే ఎవరు? అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో ఆగలేదు. చిన్నాన్న, పెదనాన్న, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని అందరూ ఉన్నారు. మన ఊళ్లో వరస కలవనివాడెవడు? తనిఖీకి వచ్చిన అధికారికి ప్రతి చేనూ మేనమామ చేనే. పైగా పూవు బడి టైంటేబుల్ చూసుకుని విచ్చుకోదు. రుద్దాల్సింది పొద్దున్నే, బడి గంట కొట్టేదీ అప్పుడే. ‘బడి వేళ అయ్యాక క్రాసింగ్’ కాగితం మీదే ఉంటుంది. పద్నాలుగు దాటితే ఆ మాత్రం అడ్డూ లేదు. గనులు, పేలుడు పదార్థాల వంటి ప్రమాదకరమైన పనులు తప్ప మిగతావన్నీ చేయించుకోవచ్చు. ఎనిమిదో తరగతి తర్వాత ఆడపిల్ల చదువు ఆగేది ఇక్కడే.

రైతు మీదే నేరం మోపడం మాకు సమ్మతం కాదు. పెద్దవాళ్లకు పూర్తి కూలి ఇస్తే గిట్టుబాటు కాదని ఆయన అనేది అబద్ధం కాదు. అందుకే కంపెనీ విత్తనం కొనే ధరలో పెద్దల కూలి లెక్కకట్టి కలపాలి, అది ఒప్పంద పత్రంలో రాసి ఉండాలి. పిల్ల కొంగు బిగించి అమ్మకు చెంబుడు నీళ్లు అందిస్తే కేసు పెట్టమనీ మేం అడగడం లేదు.

పార్లమెంటు ఆ కుటుంబ మినహాయింపును రద్దు చేయాలి. ఉచిత నిర్బంధ విద్యను పద్దెనిమిదేళ్లదాకా పెంచాలి. దానికి ఎంత కాలం పడుతుందో కానీ, పంచాయతీ పనికి మాత్రం కొత్త చట్టం అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లల రికార్డు ఉంచడం, వాళ్లు బడికొస్తున్నారో లేదో చూడటం స్థానిక సంస్థ బాధ్యత. క్రాసింగ్ మొదలయ్యే ముందే గ్రామసభ పెట్టించండి. ఆ రిజిస్టరు బల్ల మీదికి తెప్పించండి. ఏ ఇంటి పిల్ల రావడం లేదో, ఏ ఆర్గనైజరు అడ్వాన్సు మీద ఉందో సర్పంచును, హెడ్మాస్టరును నిలబెట్టి అడగండి. జవాబు తీర్మానాల పుస్తకంలో రాయించాకే లేవండి.

— విత్తన పత్తి గ్రామాల టీచర్లు, తల్లిదండ్రులు